పడమటింటి పాతర

గద్వాలలో మా అవ్వ, అంటే మా ఇంటాయనకు నాయనమ్మ, పోయిందన్న కబురు నేను పుట్టింట్లో ఉండగా అందింది. మా ఊరు ఉప్పునుంతలకు నూలు తెచ్చే సాయిబు గుమ్మం బయటే నిలబడి, “బేటీ, మీ అవ్వ పోయింది. నీకు చెప్పమన్నరు” అన్నాడు. ఒకప్పుడైతే తలుపు చాటుకు పోయేదాన్ని. ఈసారి, చివరికి ఏమైనా అన్నదా అని అడిగాను. “నాకు తెల్వదు బేటీ” అంటూ ఆయన తల దించుకున్నాడు.

చదివే అక్కచెల్లెళ్లకు ఆ ఇంటి సంగతి చెబితే గాని మా అవ్వ సంగతి చెప్పినట్టు కాదు. కోటకు దగ్గరలో మట్టిగోడల మిద్దె. గోడలో తీసిన గూట్లో మనిషి ముడుచుకొని కూర్చోవచ్చు. నడిమింటి దూలానికి పెద్ద ఇనుప కొండి ఉంది. మేం దానికి పిల్లల ఉయ్యాల కడతాం. ఉయ్యాలకు ఇంత కొండి ఎందుకా అని కాపురానికి వచ్చిన కొత్తలో దాన్నే చూస్తుండేదాన్ని.

“ఏంది పిల్లా, గట్ల చూస్తవ్? మూడో తరగతి చదివినవంట గద, గోడలు చదవొస్తదా?” అని అవ్వ నవ్వింది. లేచి, చేతికర్రతో కొండిని తట్టింది. ఏ వస్తువు సంగతైనా దాన్ని తాకకుండా చెప్పేది కాదు. “సంస్థానం జొన్నలు తూచే తక్కెడ గీనికే కడుతుండిరి. రాజోలి బండ్లు, మానవపాడు బండ్లు గీ వాకిట్ల నిలవడుతుండె.” తర్వాత ఆ ఇంటిని, కోటలోని ఆడవాళ్లకు చీరలు నేయడానికి మావాళ్లకు ఇచ్చారట. కూలి కూడా జొన్నలే ఇచ్చేవారట.

ఒకరోజు పడమటింట్లో అలుకుతుంటే ఒకచోట నా చేతి కింద నేల బోలుగా మోగింది. మా ఊళ్లో కాపువాళ్లు గింజలు దాచుకొనే పాతర్ల మీద నడిస్తే ఇలాగే మోగుతుంది. అవ్వను పిలిచాను. ఆమె వచ్చి చేతికర్రతో తట్టి, నా పక్కన కూలబడింది.

“నేను కొత్త కోడలిగ వచ్చినేడు గిదే జాగ మోగింది. గిదేందని మా అత్తనడిగిన. కింద బండ ఉందన్నది. బండ మోగుతదా పిల్లా? మల్ల అడగలే.”

అది కరువు ఏడాదట. రాజోలి నుంచి అవ్వ వాళ్ల నాయన, ఆమె చిన్న చెల్లెలిని వెంటబెట్టుకొని నడిచి వచ్చాడు. మా ఇంట్లోనూ గింజ లేదని చెప్పి, అవ్వ అత్త వాళ్లకు ముంతెడు అంబలి పోసి పంపింది. చెల్లెలు మళ్లీ వానలు చూడలేదు.

“ఉండెనో లేకుండెనో, గదొక్కటి తెలిస్తే చాలు నాకు” అన్నది అవ్వ.

అప్పుడే మా మామ కొత్త మగ్గం వేయాలనుకున్నాడు. కాళ్లు పెట్టుకొనే గుంట సరిగ్గా అక్కడే తవ్వాలన్నాడు. మామ ఎదుట నేను ఎన్నడూ నోరు విప్పలేదు. “నువ్వే చెప్పు” అని అవ్వ నా మోచేతిని పొడిచింది. తలుపు వెనక నుంచే, “మామా, ఆడ పాతరుంది” అన్నాను.

“ఓహో, మా కోడలికి నోరుందే!” అన్నాడు మామ. “ఉంటె ఉండనీ. మన్ను పోసి పూడుద్దాం. మగ్గం ఇంకోకాడ ఏస్తం.”

“పూడ్చకు, తెరువు” అన్నది అవ్వ.

“ఎందుకే అమ్మా? ఊరోళ్లు చూస్తరు. పాత ముచ్చట.”

“చూడనీ. ముచ్చట పాతదే, చెల్లె నాది.”

మామ పక్కకు జరిగాడు. మా ఇంటాయన మట్టి తవ్వి మూతబండను జరిపాడు. తాడుకు దీపం కట్టి దించితే ఆరిపోయింది. లోపలి గాలి మంచిది కాదని, తెరిచే ఉంచారు. మరునాడు దించిన దీపం వెలిగింది. ఆయన దిగి, దోసిట్లో తెచ్చినవి అవ్వ కొంగులో పోశాడు. బొగ్గులా నల్లబడిన జొన్నలు. పాతర సగానికి పైగా ఉన్నాయట.

అవ్వ వాటిని వాసన చూసింది. “అయితే ఉండె” అన్నది. కొంగులో గింజలను కదిపి, “మల్ల తెరిస్తే ఊరికి తెలుస్తదని, మా అత్తోళ్లూ తినలే” అన్నది. ఆ గొంతులో కోపముందో జాలి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నా వైపు తిరిగి, “నువ్వు అడుగు పిల్లా. ఒక్కపాలి బండ అంటే, మల్లొకపాలి అడుగు” అన్నది.

ఆ జొన్నలు లోపల ఉండవద్దని, అన్నీ తోడించి వాకిట్లో పరిపించింది. వీధిలో వాళ్లు వచ్చి చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, వెళ్లిపోయారు. అవ్వ మాత్రం గడప మీదే కూర్చున్నది. పిచ్చుకలు గుంపుగా దిగాయి. నల్లటి గింజలను ఒకసారి పొడిచాయి, తల వంచి చూశాయి, మళ్లీ పొడిచి, అన్నీ అక్కడే వదిలి ఎగిరిపోయాయి. ఎండ గోడ ఎక్కేదాకా అవ్వ వాటి కోసం చూస్తూనే ఉంది.