జేజి చెవుల కోసం ఐదు డబ్బాలు

మా చిన్నప్పుడు... ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయునది ఏమనగా, బరువున్నదే మంచి వస్తువు! తేలికగా ఉన్నదంతా మోసం. ఇది మా నాయన శాసనం. పుచ్చకాయైనా, కడవైనా, గోడ గడియారమైనా సరే... ముందు రెండు చేతులతో ఎత్తి చూడాలి, తర్వాత వేలి కణుపుతో కొట్టి చూడాలి. ధర సంగతి చివర్న.

ఆయన్ను తప్పు పట్టలేం. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. రాయిని కొట్టి, అది మోగే తీరునుబట్టి లోపల పగులుందో లేదో చెప్పేసే మనిషి.

మా ఇంట్లో టీవీ ఉండేది గానీ మా జేజికి అది మూగదే. జేజి అంటే నాయన వాళ్లమ్మ. చెవులు దాదాపు పోయాయి. రోజూ సాయంత్రం సీరియల్ ముందు కూర్చుని, ఎవరు నోరు తెరిచినా "ఏమన్నాదిరా? ఏమన్నాది?" అని నన్ను పొడిచేది. నేనా... చెవిలో నోరు పెట్టి నోటికొచ్చింది అరిచేవాణ్ణి. సీరియల్లో కోడలు పాపం అత్తకు కాఫీ ఇస్తుంటే, "విషం కలిపినాదంట జేజీ!" అనేవాణ్ణి. జేజి గుండెలు బాదుకునేది.

ఒకరోజు అది నాయన విన్నాడు. కొట్టలేదు. తిట్టలేదు. అందుకే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే, పాత సైకిల్ మార్చడానికని దాచుకున్న డబ్బులు బయటికి తీశాడు. "పారా, అనంతపురం పోదాం. మాయమ్మకు వినపడే సౌండు బాక్సులు తెద్దాం."

పక్కింటి మస్తాన్ మామ రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. బయల్దేరుతుంటే అడ్డమొచ్చాడు. "అన్నా, నీ దగ్గరుండే దుడ్లకు రెండే డబ్బాలు తీసుకో. మంచియి తీసుకో. జేజి మంచం కాడ పెడదాం. అదే దుడ్లకు ఐదు తెస్తివనుకో, ఐదూ దండగే."

"ఐదుంటే ఐదు పక్కల నుంచి వినపడతాది గదా మస్తానూ!" అన్నాడు నాయన.

నేనూ వంత పాడాను. మా వీధిలో ఎవరికీ ఐదు లేవు మరి...

మొదటి అంగట్లో రెండు డబ్బాల సెట్టు చూపించారు. నాయన ఒకటి ఎత్తాడు. మొహం మాడింది. "ఏమప్పా, ఇది అప్పడాల డబ్బా మాదిరుండాదే!"

"బరువుతో సౌండు రాదన్నా. ఒక్కసారి విని చూడు" అన్నాడు అంగడాయన.

వినకుండానే లేచి వచ్చేశాం.

రెండో అంగడాయన మనిషిని చూసి సరుకు తీసే రకం. నాయన బొబ్బలెక్కిన చేతులు చూశాడో ఏమో, ఐదు డబ్బాల సెట్టు తెచ్చి ముందర పెట్టి "ఎత్తి చూడన్నా" అన్నాడు. అంతే! నాయన ఎత్తాడు. కళ్లు పెద్దవయ్యాయి. కణుపుతో కొట్టాడు. "ఇదప్పా సరుకంటే!" అప్పటికి కరెంటు పోయింది, మోగించి చూసే దారి లేదు. చూడాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

బస్సులో తాడిపత్రి దాకా రెండు డబ్బాల్ని చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు...

ఇంటికొచ్చి మస్తాన్ మామతో వైర్లు పెట్టించాం. ముందరి మూడూ గరగరమన్నాయి. జేజి వెనక పెట్టిన రెండూ ఉలకవు, పలకవు. అసలు బరువున్నవి ఆ రెండే! మామ స్క్రూలు విప్పాడు.

లోపల స్పీకర్ లేదు. వైరు లేదు. గోనె పీలికలో చుట్టిన బండ ముక్క ఉంది. రెండో దాంట్లోనూ అంతే... ఇంకో ముక్క!

ఊర్లో నన్ను మించిన టక్కరి లేడని అప్పటిదాకా నా నమ్మకం. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఇప్పటికీ దిమ్మ తిరుగుతుంది. రాయిని డబ్బాలో పెట్టి, రాయి పని చేసేవాడికే అమ్మాడు చూడండి!

నాయన ఆ ముక్కను వెలుతురుకు పట్టి, బొటనవేలితో రుద్ది చూశాడు. "పాలిష్ బాగుండాది" అని, అక్కడే చతికిలబడ్డాడు.

"లెయ్యన్నా! పోయి వాని గొంతు పట్టుకుందాం" అన్నాడు మామ.

"పోయి ఏమని చెప్పల్లరా? బరువు చూసి కొన్న్యానని చెప్పల్లనా?"

మామ స్క్రూలు బిగించేశాడు. మోగే మూడు డబ్బాల్నీ జేజి తలకాడికి జరిపి, సౌండు చివరిదాకా తిప్పాడు. వీధి కుక్కలు మొరిగాయి. నాయన జేజి ముందర గొంతుక్కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు. "అమ్మా... వినపడతాండాదా?"

జేజి కాసేపు టీవీనే చూసి, "ఛీ! ఈళ్ల కథ కంటే మనోడు చెప్పే కథే బాగుండాది గదరా!" అంది. అందరం పగలబడి నవ్వాం.

ఇప్పుడు స్పీకర్లు కొనాలంటే నా కొడుకు ఫోన్‌లో రేటింగు చుక్కలు లెక్కబెడతాడు. ఎత్తి చూసేవాడు లేడు, కొట్టి చూసేవాడు లేడు. పార్సిల్ వస్తే మాత్రం నేను ఇంకా ఒకసారి ఎత్తి చూస్తాను... చెయ్యి ఊరుకోదు. మీ ఇండ్లలో ఇట్లా ఏం చూసి ఏం కొని మోసపోయారో కింద రాయండి, కాసేపు నవ్వుకుందాం.

ఆఁ... ఇంకొకటి. చిన్నప్పటి అలవాటు, అబద్ధం కలపకుండా చెప్పడం నాకు చేతకాదు. జేజి ఆ మాట అనలేదు. అది పూర్తిగా నా కల్పన.

నాయన అడిగినప్పుడు ఆమె అన్నది ఇదీ: "వినపడతాండాది నాయనా... బాగా వినపడతాండాది." నాయన కళ్లు తుడుచుకుని, మామను సాగనంపడానికి బయటికి పోయాడు. నేను ఊరుకుంటానా? వెనక నుంచి డబ్బాల వైరు పీకేశాను. ఇల్లంతా నిశ్శబ్దం. జేజి మాత్రం వాకిలి వైపు చూస్తూ, వింటున్నట్టు తల ఊపుతూనే ఉంది.

ఆ రోజు తర్వాత ఆమె నన్ను "ఏమన్నాదిరా" అని ఎప్పుడూ అడగలేదు.