చాలన్న కుక్క

లావక్క అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమెకీ ఆ బెంగ లేదు. "సన్నక్క అంటే అబద్ధం ఆడినట్టు గదా, ఇదే నయం," అనేది.

కుక్కల తిండి తయారుచేసే ఫ్యాక్టరీలో, వెనక రేకుల షెడ్డులో కుక్కలకి గిన్నెలు పెట్టడం, కడగడం ఆమె పని. కొత్తగా చేసిన ఏ రకమైనా ముందు అక్కడి కుక్కలు రుచి చూడాలి. ఒక్కో కుక్క ముందు రెండు గిన్నెలు: ఒకదాంట్లో పాత రకం, ఒకదాంట్లో కొత్తది. మర్నాడు కుడివైపుది ఎడమకి మార్చాలి. లేకపోతే కొన్ని సోమరిపోతులు అలవాటుగా ఒకే పక్కకి మూతి పెడతాయి.

లావక్క ఆకలి పెద్దది. పుట్టింట్లో దాన్ని ముద్దుగా చెప్పుకున్నారు. కాపురానికొచ్చాక ఆడపడుచు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాల్లే వదినా" అనేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నోరు కట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళు. షెడ్డుకి కొత్తగా వచ్చిన కుక్కల డాక్టరమ్మ ఒక్కతే వేరే మాట చెప్పింది.

"ఆకలి కడుపులో పుడుతుందనుకుంటాం గానీ అక్కా, పెత్తనమంతా మెదడుది. 'బాగుంది' అనేది ఒకచోట, 'ఇంకా కావాలి' అనేది ఇంకోచోట, 'చాలు' అనేది మరోచోట. అందరికీ ఒకేలా ఉండవు. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

ఆ పూట లావక్క ఆడపడుచు చెయ్యి పక్కకి నెట్టి మరీ మారు వడ్డించుకుంది.

ఈసారి కంపెనీ కొత్త రకం మీద ఏదో పొడి చల్లింది. కుక్కలు ఎగబడ్డాయి. పొట్టలు ఉబ్బినా ఆగలేదు, కక్కుకుని మళ్ళీ గిన్నె దగ్గరికే వచ్చాయి. మొదట్లో మూతులు నాక్కుంటూ మురిసిన కుక్కలే కొన్నాళ్ళకి ఊరికే మింగడం మొదలుపెట్టాయి. "ఇష్టం పోయింది, కావాలన్న యావ మిగిలింది," అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి.

ఒక్క ముసలి కుక్క మాత్రం వాటితో కలవలేదు. కడుపు నిండగానే గిన్నెని ముక్కుతో అవతలికి నెట్టేసి, వీపు తిప్పి పడుకునేది. దానికి షెడ్డులో చాలయ్య అని పేరు పెట్టారు.

"వీడి వల్ల కొత్త రకం తిన్న లెక్కలో మన సగటు పడిపోతోంది," అన్నాడు మేనేజరు. "రేపు పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. గిన్నె ఖాళీ చేశాడా సరే. లేదంటే సూది వేసి వదిలించుకోండి. బయటికి ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవు."

లావక్కకి ఒళ్ళు మండింది. తినేదాన్ని తినొద్దంటారు, తిననివాణ్ణి తిను తిను అని చంపుతారు. ఎవరి కడుపు వాళ్ళకి వదిలితే వీళ్ళ సొమ్మేం పోయింది?

"ఇవాళ పస్తుంచు అక్కా," అంది డాక్టరమ్మ. "ఆకలి మీద ఊడ్చేస్తాడు."

వేరే దారి కనబడక లావక్క సరేనంది. సాయంత్రం చాలయ్య తోకాడిస్తూ వచ్చి ఆమె ఖాళీ చేతులు వాసన చూశాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

మర్నాడు పైవాళ్ళు వరసగా నిలబడ్డారు. లావక్క గిన్నె పెట్టగానే చాలయ్య దాని మీద పడ్డాడు. గబగబా తిన్నాడు. మేనేజరు మొహం విప్పారింది. సగం దాటింది, ఇంకాస్త తగ్గింది. అక్కడ వాడు తలెత్తి, మూతి ఒకసారి హాయిగా నాక్కుని, గిన్నెని బూట్ల వరస వైపు నెట్టి పడుకున్నాడు.

పైవాళ్ళలో ఒకాయన నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. "డాక్టర్, సూది తెండి."

డాక్టరమ్మ తల దించుకుంది గానీ కదల్లేదు. లావక్క షెడ్డు తలుపు గడియ తీసి, చాలయ్య మెడకి తాడు కట్టింది.

"ఎక్కడికి?"

"మా ఇంటికి సార్."

"మీ ఇంట్లో నీకే చాలదు. వాడికేం పెడతావు?"

"చాలనడం వీడికొచ్చు సార్. రానిది మీకే."

"గేటు దాటావంటే ఉద్యోగం ఉండదు."

ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. ఇంట్లో ఎంత గొడవవుతుందో ఆమెకి తెలుసు. అయినా తాడు వదల్లేదు. చాలయ్య లేచి ఒళ్ళు విరుచుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

"రేపటి నుంచి గిన్నెలు కడగడానికి మనిషిని చూసుకోండి," అంది లావక్క, గేటు వైపు నడుస్తూ.