వెనక సీటు పక్కనున్న జాలీ

లాక్‌డౌన్ సడలించాక సూరత్‌లో టెంపోలు దొరకడం కష్టమైంది. లింబాయత్‌లోని మా మగ్గాల కార్ఖానా నుంచి చీరల కట్టలను నా పాత హైబ్రిడ్ కారులోనే చేరవేసేవాణ్ణి. అది పెట్రోలుతోనూ, వెనక సీటు కిందున్న పెద్ద బ్యాటరీతోనూ నడుస్తుంది. ఆ సీటు పక్కన సన్నని చీలికలున్న చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంది. దాని గరుకు అంచు తగిలి రెండు చీరలకు పోగులు లేచాయి. మాస్కులు కుట్టగా మిగిలిన గుడ్డ ఒకటి మా ఆవిడ దగ్గర తీసుకుని, జాలీ మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించాను. చాలా శ్రద్ధగా అంటించాను. కారుతో వచ్చిన పుస్తకాన్ని మాత్రం ఏనాడూ తెరిచి చూడలేదు.

వారం తిరక్కముందే ఉధ్నా దగ్గర బ్యాటరీ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగి బండి ఆగిపోయింది. ఆ రోజు నడుపుతున్నది మా ఆవిడ తమ్ముడు. పనివాళ్ళందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, "నీ తోలుడుకే బ్యాటరీ ఖరాబయింది" అన్నాను.

"తోలిన బావా, పొయ్యి మీద పెట్టలే" అని తాళాలు నా చేతిలో పెట్టి, డిండోలిలోని తన ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ కార్ఖానాకు రాలేదు. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. అన్నం మాత్రం పెట్టేది, భౌతిక దూరం పాటిస్తూ.

మెకానిక్ మా కరీంనగర్ వైపువాడే. వెనక తలుపు తెరిచి కాసేపు చూశాడు.

"సేఠ్, కరోనా అని బ్యాటరీకి గూడ మాస్క్ కట్టిండ్రా? అది గాలి పీల్చేదే గీ జాలీలకెళ్లి. ఊపిరాడక కాగిపోయింది."

అప్పుడైనా నిజం చెప్పవలసింది. "మా బామ్మర్ది చేసిన పనే అయ్యుంటది" అన్నాను.

వెంట వచ్చిన మా ఆవిడ గుడ్డను గుర్తుపట్టింది. నాలుగు రోజుల తర్వాత నాతో ఆడిన మొదటి మాట అదే: "నా చేతులకెళ్లి గుంజుకపోయినవ్ గదా గీ గుడ్డ!"

మెకానిక్ గుడ్డ పీకేసి, జాలీ లోపలి ఫ్యానులో పేరుకున్న నూగు తీసి శుభ్రం చేశాడు. బ్యాటరీ బతికింది. అదే కారులో డిండోలికి వెళ్ళి, గుమ్మం బయట నిలబడి, "తప్పు నాదేరా. గుడ్డ నేనే అంటించిన" అన్నాను.

"గిక్కడ గాదు బావా. తిట్టిన కాడ చెప్పు."

మరునాడు వచ్చాడు. మగ్గాలన్నీ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో పక్కమనిషి మాట కూడా వినపడదని తెలిసే, ఆ వేళ ఎంచుకుని గబగబా చెప్పేశాను. బామ్మర్ది తల ఊపి, తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. పనివాళ్ళందరూ మా వైపు తిరిగారు.

"ఇగ చెప్పు బావా."

చెప్పాను. మూల మగ్గం దగ్గరి పెద్దాయన, "ఏమన్నడు?" అని అడిగాడు. మళ్ళీ చెప్పాను.