నీడ లేని ఏడాది కొలిచిన జాగా

మా అప్ప నాతో మాట్లాడడం మానేసింది ఒక తీర్మానం వల్ల. దాన్ని చేసింది నేను కాదు, రాసింది మాత్రం నేనే. అక్కని మా ఉద్దానంలో అప్ప అంటాం. "అప్పు తీరతాది గానీ మీ అప్ప కోపం తీరదురా" అని మా బావ బతికున్నన్నాళ్ళూ అనేవాడు. ఆయన అదృష్టవంతుడు, ఆ కోపం తీరేదాకా చూడాల్సిన అవసరం లేకుండా వెళ్ళిపోయాడు.

తీర్మానం టెక్కలిలో ఒక కల్యాణమండపంలో జరిగింది. మూడు పక్షాలు కూర్చోవాలి, ఎవరి ఆఫీసుకి ఎవరు రావాలన్న దగ్గరే తగువొచ్చింది కాబట్టి ఎవరిదీ కాని చోటు వెతికారు. ఒక పక్షం పట్నం, అంటే పలాస వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. రెండోది మా ఊరు. మూడోది పక్కూరు. మా ఊరికీ పక్కూరికీ ఎందుకు పడదో ముసలాళ్ళకి కూడా గుర్తులేదు. పడదన్న సంగతి మాత్రం ఉయ్యాల్లో పిల్లకీ తెలుసు. నేను మా ఊళ్ళో పుట్టి పక్కూరి పిల్లని చేసుకున్నాను. అందుచేత రెండూళ్ళకీ నేనంటే సమానంగా గిట్టదు. పైగా కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి, దస్తూరి గుండ్రంగా ఉంటుంది. ఇంతకన్నా తటస్థుడు దొరకడని నన్ను రాతకి కూర్చోబెట్టారు.

ఈ మూడు పక్షాలూ కలిసి చెయ్యాల్సిన పని వినడానికి బాగానే ఉంటుంది. పట్నంలో జీడిపిక్కల బాయిలర్లు పొగ వదులుతాయి. గాలిలో ఆ కర్బనం తగ్గాలంటే పట్నం ఒక్కటే చాలదు, చుట్టుపక్కల ఊళ్ళు కూడా చెయ్యి కలపాలి. కాబట్టి మా రెండూళ్ళకీ ఉమ్మడిగా ఒక మంచినీళ్ళ ప్లాంటు, దాన్ని నడపడానికి ఎండతో కరెంటు తీసే సోలార్ పలకలు, తుఫానుకి పోయిన చెట్ల బదులు కొత్త చెట్లు. ఇంధనంలో ధనం ఉంది కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

"పొగ ఆళ్ళది, ఎండ మనదీ" అన్నాడు పక్కూరి సర్పంచి మొదటి రోజే. ఆయన అన్నవాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

ఉద్దానంలో నీళ్ళ గురించి ఎవరూ సరదాకి మాట్లాడరు. కిడ్నీలు పాడైనవాడు లేని వీధి లేదు. జబ్బు నీళ్ళ వల్లో కాదో డాక్టర్లే తేల్చలేకపోతున్నారు గానీ, బోరు నీళ్ళు తాగే గుండె ఇప్పుడెవరికీ లేదు. మా బావా ఆ జబ్బుతోనే పోయాడు. అంచేత ప్లాంటు కట్టగానే రెండూళ్ళూ ఎగబడ్డాయి. ఎగబడ్డ మొదటి వారంలోనే గది తలుపుకి రెండు తాళాలు పడ్డాయి. ఒక తాళంచెవి ప్లాంటు దగ్గర టిన్నులు నింపే మా ఊరి నీళ్ళబ్బాయి దగ్గర, రెండోది వాళ్ళ నీళ్ళబ్బాయి దగ్గర. ఇద్దరూ వస్తే గానీ తలుపు తెరుచుకోదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండు తాళాలూ తియ్యడం ఒక కళ. ఆదివారం చర్చికి పోయేవాళ్ళూ శనివారం కోవెలకి పోయేవాళ్ళూ ఆ టిన్నుల లైనులో నిలబడి ఒకే భాషలో తిట్టుకునేవారు. ఉమ్మడి అంటే ఇదేనేమో అనుకున్నాను.

మధ్యాహ్నమయ్యేసరికి మోటారు ఆగిపోయేది. ఎందుకో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు, తలెత్తితే చాలు. పలకల మీద మా అప్ప తోటలోని మూడు కొబ్బరిచెట్ల నీడ.

ఇంజనీరు వచ్చి చూసి గోల పెట్టాడు. "ఇక్కడ అసలు నీడే లేదన్నారు కదండీ! కొలిచి మరీ పెట్టిన జాగా ఇది."

కొలిచిన మాట నిజం. ఆ పెద్ద తుఫాను వచ్చిన మరుసటి ఏడు ఎక్కడినుంచో ఒక కంపెనీ వాళ్ళు వచ్చి తిరిగారు. అప్పుడు ఉద్దానంలో నీడ ఎక్కడిది? కొబ్బరీ జీడీ పనసా అన్నీ నేల మీద పడుకున్నాయి. ఊరి మధ్య నిలబడితే సముద్రం కనిపించేది. వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి ఒక బొండం దొరక్క గోలీసోడా ఇచ్చాం. వాళ్ళు సోడా తాగి, ఎటు చూసినా ఎండేనని మెచ్చుకుని, ఇదే మంచి జాగా అని గుర్తు పెట్టి పోయారు. ఆ గుర్తు ఆఫీసులన్నీ తిరిగి పలకలై మళ్ళీ మా ఊరొచ్చేలోగా, ఇక్కడ పాతిన మొక్కలు తమ మానాన తాము పెరిగాయి. కొబ్బరిచెట్టుకి ఫైలు అక్కర్లేదు, వాన చాలు.

ఆ మొక్కలు మూడూ మా బావ పాతించినవి. అప్పటికే ఆయన పలాస వెళ్ళి సూదులు గుచ్చించుకుని రక్తం కడిగించుకుని వస్తున్నాడు. పలుగు ఎత్తే ఓపిక లేదు. మంచం మీద కూర్చుని "ఇక్కడ, అక్కడ" అని చెయ్యి చూపిస్తుంటే గోతులు తవ్వింది ఆయన తమ్ముడు. ఆ తమ్ముడే ఇప్పుడు మా ఊరి సర్పంచి. నాకు వరసకి బావే. అన్న పోయాక తోట గట్టు దగ్గర పేచీ వచ్చి వదినా మరిదీ మాటలు మానేశారు. మానేసి చాన్నాళ్ళయింది. ఒకే గోడకి అటొకరు ఇటొకరు, మాటలన్నీ కోళ్ళతోనూ దూడలతోనూ.

అలా టెక్కలి మీటింగు వచ్చింది. ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. "చెట్టు కొడితే చెట్ల లెక్కలో తగ్గుతుంది, కొట్టకపోతే కరెంటు లెక్కలో తగ్గుతుంది. రెండూ మనం ఒప్పుకున్నవే. సర్పంచిగారూ, మీ మేడ మీద ఎండ బాగా పడుతుంది. పలకలు అక్కడికి మారిస్తే?"

"కుదరదండి. మా ఇంటోళ్ళు జీడిపిక్కలు ఎండబెడతారు" అన్నాడు మా సర్పంచి బావ.

పక్కూరి సర్పంచి కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆడి మేడ మీదెడితే నానొల్లను! కరెంటు ఆడి గుప్పిట్లోకి పోతాది. సెట్లు కొట్టీండి."

మా బావ కాదనలేదు. తన చెట్లు కావు కదా. నేను గుండ్రంగా రాశాను.

ఆ సాయంత్రం అప్ప మా ఇంటికొచ్చింది. నేను అరుగు మీదే ఉన్నాను. నన్ను దాటి లోపలికెళ్ళి నా భార్యతో అంది, "మీ ఆయనకి సెప్పే. సెట్లు కొట్టమని రాయడానికి అంత అందంగా రాయాలేటి అని అడుగు."

నా భార్య నా వైపు చూసింది. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"నీళ్ళు నాకూ కావాల. మీ అన్నయ్య పోయినకాడ్నుంచి ఆ నీళ్ళు తప్ప నానేవీ తాగను. కొట్టుకోమను. కానీ కూలోళ్ళు నా తోటలో కాలెట్టకూడదు. గోతులు తవ్విన సెయ్యే గొడ్డలి పట్టాల. ఊరందరూ సూత్తండగా. ఆ మాట ఆడికి సెప్పమని మీ ఆయనకి సెప్పు."

చెప్పాను. మా బావ పళ్ళు నూరాడు. "నానంటే లోకువా ఒదినికి? బయపడతాననుకుంటందేటి? కొడతాను!" మర్నాడు పొద్దున్నే గొడ్డలికి సాన పట్టించాడు. ఆ చప్పుడు వీధంతా విన్నాం.

తోటలోకి రెండూళ్ళూ దిగాయి. ఇంత కలిసికట్టుగా రెండూళ్ళూ ఏ పనికీ రాలేదు. అప్ప మధ్య చెట్టు మొదట్లో పీట వేసుక్కూచుంది. మరిదిని చూసి లేచి పీట పక్కకి లాగింది. అంతే.

బావ పంచె ఎగ్గట్టి గొడ్డలి ఎత్తాడు. ఎత్తినవాడు దింపలేదు. చెట్టు మొదలుకంటా చూశాడు. అక్కడ మాను కొంచెం వంకరగా తిరిగి ఆ తర్వాత నిటారుగా లేచింది. ఆ వంకర చుట్టూ చూసి, పైకి గెలల వైపు చూసి, మళ్ళీ వంకర దగ్గరికొచ్చాడు.

"ఇదేటిలా వంగింది?" అన్నాడు, ఎవర్నీ అడగనట్టు.

అప్ప కోడిపిల్ల వైపు తిరిగింది. "గొయ్యి ఒంకరగా తవ్వితే సెట్టెలగుంటాదే? పెద్దాయన మంచం మీద కూకుని అరుత్తానే ఉన్నాడు, సరిగ్గా తవ్వరా అని. ఇన్నాడేటి?"

గొడ్డలి కిందికి దిగింది, మెల్లిగా, నేల మీదికి. బావ పంచె దించుకున్నాడు.

"గొడ్డలికి పదును నేదు" అన్నాడు.

పక్కూరి గుంపులోంచి కేక లేచింది. "పెసిడెంటుగారి గొడ్డలికి పదును నేదంటర్రా! నోటికుంది గావాల!"

నవ్వులు. ఈలలు. మా ఊరివాళ్ళు వాళ్ళ మీదికి, వాళ్ళు మావాళ్ళ మీదికి. మా బావ ఎవరి మొహం చూడకుండా గట్టు దాటి వెళ్ళిపోయాడు. సాన చప్పుడు విన్నవాణ్ణి కదా, ఒక మాట అనాలని నాకూ దురద పుట్టింది. నా నాలుక్కీ ఆ రోజు పదును లేకపోవడం మంచిదయింది.

మర్నాడు బావ నీళ్ళ లైను దగ్గరికొచ్చి, పలకలు నా మేడ మీద పెట్టుకోండని చెప్పి పోయాడు. ఎందుకని ఎవరైనా అడిగితే "జీడిపిక్కలు ఈ ఏడు తక్కువ" అని విసుక్కున్నాడు. వాళ్ళావిడ వారం పాటు వంట మానేసి అరిచింది. పక్కూరి సర్పంచి అంతకన్నా ఎక్కువ అరిచాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. మేడ మెట్ల తలుపుకి తాళం వాళ్ళది, తాళంచెవి వాళ్ళ నీళ్ళబ్బాయి దగ్గర.

ఇప్పుడు మోటారు సాయంత్రం దాకా నడుస్తుంది. పాత పలకల ఇనప కాళ్ళు అప్ప చెట్ల కింద ఖాళీగా నిలబడున్నాయి. నీళ్ళకొచ్చినవాళ్ళు టిన్నులు వాటికి తగిలించి నీడన కూర్చుని తిట్టుకుంటారు. తిట్లు కూడా చల్లబడతాయనుకున్నాను. ఏం లేదు, నీడన ఓపిక పెరిగి ఇంకాసేపు తిట్టుకుంటున్నారు.

మొన్న మబ్బు పట్టింది. మేడ మీద పలకలు పోను మిగిలిన కొంచెం జాగాలో ఆరేసిన పిక్కలు తడిసిపోతాయని మా బావ తన మేడ కిందే నిలబడి, పక్కూరి నీళ్ళబ్బాయి కోసం కేకలేస్తున్నాడు. ఆ అబ్బాయి వినిపించనట్టు తీరిగ్గా సైకిలు తుడుచుకుంటున్నాడు. నేనూ నా భార్యా టిన్ను పట్టుకుని లైనులో ఉన్నాం. మా వెనకే అప్ప. ఆవిడ ఉన్నట్టుండి రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికెళ్ళింది.

"నీ మేడకి ఆళ్ళ తాళమేటి మరిదీ? సిగ్గునేదా?"

లైనంతా అటు తిరిగింది. బావ గతుక్కుమన్నాడు. ఆనక గోడ దగ్గరికొచ్చాడు.

"నీ సెట్ల పున్నెమే గదొదినా!"

"నా సెట్లేటి సేసాయి? గొయ్యి ఒంకర తవ్వినోడివి నువ్వు!"

"మంచం మీంచి సెయ్యి ఒంకరగా సూపించింది మీ ఆయన!"

"పోయినోణ్ణంటావా? ఉండు, వత్తన్నాను!"

టిన్ను నా పాదాల దగ్గర పడేసి గోడ చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళిపోయింది, ఇన్నేళ్ళ తర్వాత. చినుకులు పడుతుండగా ఇద్దరూ మెట్ల తలుపు ముందు నిలబడి ఒకర్నొకరు కడిగేసుకున్నారు. తలుపు తెరుచుకోలేదు. పిక్కలు తడిశాయి.

తిరిగొచ్చి టిన్ను తీసుకుంటూ అప్ప నా భార్యతో అంది, "మీ ఆయనకి సెప్పు. ఆ తాళం తీసెయ్యాలని ఒక తీర్మానం రాయమను. గుండ్రంగా రాయమను."