నా మీద రాసిన రిజిస్టర్

నవ్వొద్దు. నవ్విన్రంటే మధ్యలనే ఆపేస్త. నిన్న నా థీసిస్ రివ్యూ అయింది గదా, ఫీల్డ్ స్టడీని మస్తు మెచ్చుకున్నరు. పంచాయితి ఏందంటే, ఆ స్టడీ నేను చేసింది కాదు. నా మీద చేసింది!

మొదట్నుంచి చెప్త. నా చదువు ఇంటరాక్షన్ డిజైన్. మా ఊరు ముదిగొండల అమ్మకు ఇప్పటికీ సమజ్ కాలే, అడిగినోళ్లందరికీ కంప్యూటర్ కోర్సని చెప్పుకుంటది. మిషన్ ముందల నిలబడ్డ మనిషి ఏం ఒత్తాల్నో తెల్వక పరేషాన్ కాకుండ చేసుడు, గంతే. ఆఖరు ఏడాది థీసిస్ చేయాలె. అందుకు మా గైడ్ సార్ 'మీ నుంచి మేం కోరుకునేది' అని ఒక కాయితం ఇచ్చిండు. ఐదు దినాలు యూజర్ల మధ్యల ఉండాలె. మాట తక్కువ, చూసుడు ఎక్కువ. ఎవరు ఎప్పుడు ఎటు పోతున్నరో మ్యాప్ గీయాలె. మన ఐడియా ముందే చెప్పొద్దు, చెప్తే వాళ్లు మొహమాటానికి బాగుందంటరు. సోమవారం స్టడీ చూపెట్టకపోతే ఏడాది పోయినట్టే!

నా ఐడియా ఏందంటే, భద్రాచలం దిక్కు అడవి ఊర్లల్ల బస్ స్టాపుల ఒక పెట్టె. చదువు రానోళ్లు గూడ బొమ్మ మీద వేలు పెడితే చాలు, బస్సు ఎప్పుడొస్తదో చెప్తది. నాకైతే మస్తనిపించింది.

తెలిసినోళ్ల మాట మీద అటు దిక్కే ఒక కోయ ఊర్ల, ముత్తక్క అనే ఆమె ఇంట్ల దిగిన. పాపం, చాప ఏసి కూసోబెట్టి అడిగింది.

"ఎందుకొచ్చినవ్ చెల్లె?"

"ఊకనే అక్కా, చూద్దామని."

"ఏం చూస్తవ్?"

"అన్నీ."

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు పీకాలనిపిస్తది. ఎవరన్న గట్ల చెప్తరా?

తెల్లారి మంగళవారం సంది నా డ్యూటీ షురూ. పొద్దుగాల పోయి రోడ్డు మీద నిలబడుడు, బస్సొస్తే ఎక్కకుండ చూసుడు, రాసుకొనుడు. ఆడోళ్లు ఏ దారిన పోతున్నరో, ఎన్ని గంటలకు పోతున్నరో బాణం గుర్తులతోటి మ్యాప్ గీసుడు. రెండో దినానికే నాకు అనుమానం పట్టుకున్నది. నేను పోతే మాటలు బంద్ అయితున్నయి. లేకుంటే కోయ భాషలకు మారుతున్నయి. నేను ఎటు పోతే అటు ఒకామె కట్టెల మోపు ఎత్తుకొని ఎన్కనే వస్తది. మూడు దినాలు అదే మోపు! అవే కట్టెలు! ఏందిరా వీళ్లు, ఏమో దాస్తున్నరు అనుకున్న. అన్నిటికంటె ఎక్కువ అనుమానం గుడ్డు మీద. ఇంట్ల అందరికీ పప్పూ అన్నం, నాకొక్కదానికే ఉడకబెట్టిన గుడ్డు. ఎందుకు? నా నుంచి ఏం కావాలె వీళ్లకు? గురువారం భయానికి అన్నం సగంలనే లేచిన. గుడ్డు మాత్రం తిన్న, అబద్ధమెందుకు.

శుక్రవారం పొద్దున ఊరి పెద్ద జోగయ్య తాత ఇంటి అరుగు మీదికి పిలిచిన్రు. ఊరంత ఆడనే ఉన్నది. కట్టెల మోపామె గూడ, మోపు లేకుండ!

"నీ బుక్కు ఇటియ్యి బిడ్డా" అన్నడు తాత.

ఇచ్చిన. పక్కన అంగన్‌వాడీ టీచర్ నాగమణి పేజీలు తిప్పి, మ్యాప్ కాడ ఆగింది. ముఖం మారిపోయింది.

"తాతా, మన పోడు చేన్లకు పోయే దార్లన్నీ గీసింది. ఎవరెవరు పోతరో పేర్లు, టైములు గూడ!"

నా పై ప్రాణాలు పైనే పోయినయి. అడవి కొట్టి చేసుకునే పోడు మీద వాళ్లకూ ఫారెస్టోళ్లకూ ఎప్పుడూ లొల్లే. గీ మ్యాప్ ఒక్కటి ఆఫీసుల పడితే చేన్లు పోతయి. నేనేమో బస్సు కోసమని గీసిన!

ఇగ ఏడుపొక్కటే తక్కువ. కాయితం, గైడ్ సార్, పెట్టె, బొమ్మలు, అన్నీ కక్కేసిన. చెప్పొద్దన్నది ఐడియా ఒక్కటే, నేను వచ్చిన పనే చెప్పలేదని అప్పుడు తెలివికొచ్చింది. తాత నా బుక్కు తన చేతులకు తీస్కున్నడు.

"గీ ముక్క మొదటి దినమే చెప్తే అయిపోతుండె గదా? మేం నిన్ను ఫారెస్టోళ్ల మనిషి అనుకున్నం. నాగమణి నీ మీద అంతా రాసి పెట్టింది."

నాగమణి రిజిస్టర్ తీసింది. పిల్లల బరువులు రాసేదే, ఆఖరు పేజీలల్ల నేను!

తాత నా బుక్కుల మ్యాప్ పేజీలు, రాసిన పేజీలు అన్నీ చింపి దగ్గర పెట్టుకున్నడు. "మా మీద రాసింది మా కాడ ఉంటది. నీ మీద రాసింది నువ్వు తీస్కపో" అని రిజిస్టర్ పేజీలు నా చేతుల పెట్టిండు. న్యాయం న్యాయమే, నోరెత్తుతనా?

సోమవారం చూపెట్టనీకి నా కాడ ఇంకేం లేదు. సిగ్గిడిసి అవే పెట్టిన. గైడ్ సార్ గట్టిగ చదివిండు.

"మంగళవారం. బస్సుకు గంట ముందే రోడ్డు మీద నిలబడ్డది. ఎక్కలే. బుధవారం. మళ్ల నిలబడ్డది. మళ్ల ఎక్కలే. వాగు కాడ బస్సు హారన్ కొడ్తది, అది విన్నంక ఇంట్లకెళ్లి బయల్దేరినా అందుతది. మేడంకు ఆ సంగతి తెల్వది. ఎవర్నీ అడుగది. చదువుకున్నామె, ఎందుకు అడుగుతలేదో అర్థం కాలే. గురువారం. అన్నం సగమే తిన్నది. మనిషి బరువు తక్కువ ఉన్నది. గుడ్డు ఆపొద్దని ముత్తక్కకు చెప్పిన."

గుడ్డు! అనుమానపడ్డ గుడ్డు!

"ఎవరు రాసిన్రు ఇది?"

"యూజర్, సార్."

"ఎవర్ని చూసి?"

"నన్ను, సార్."

సార్ అద్దాలు తీసి తుడుసుకున్నడు. "హారన్ ఉండంగ నీ పెట్టె ఎవరికమ్మా?" అన్నడు. ఆఖరుకు రిమార్క్ రాసిండు: 'ఫీల్డ్ స్టడీ అద్భుతం. చేసినామెకు అభినందనలు. సరిత మళ్లీ వెళ్లాలి.' పదిహేను దినాలు టైమిచ్చిన్రు.

రేపే పోతున్న. ఈసారి బస్సు దిగంగనే తాతకు వచ్చిన పని చెప్త. బ్యాగుల మాత్రం అన్నిటికంటె ముందు నాగమణికి ఒక కొత్త రిజిస్టర్ పెట్టుకున్న. ఫైనల్ రివ్యూ గూడ గట్టెక్కాలె గదా!