పదకొండు ఇళ్ల తొక్కు

పూల్‌సింగ్ ఛుట్టీ మీద వచ్చానని తండాలో చెప్పాడు. అది అబద్ధం. అతన్ని పంపించేశారు.

సౌదీలోని దమ్మాంలో, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి, అక్కడ ఉండనిచ్చే ఆకామా కార్డు లేకుండా మూడేళ్లు ఇళ్లకు రంగులు వేశాడు. ఒక శుక్రవారం కూరగాయలకని బయటికి వచ్చి పోలీసులకు దొరికాడు. ఇరవై రెండు రోజులు జైల్లో ఉంచి, పది వేళ్ల ముద్రలూ తీసుకుని, మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టకూడదన్నారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. చేతిలో ఒక కాగితం పెట్టి విమానం ఎక్కించారు. దిగేటప్పటికి ఒంటి మీద రంగు మరకల ప్యాంటు, చేతిలో ప్లాస్టిక్ సంచి, అంతే.

ఆ సంచితో ఊరికి పోవడానికి అతనికి కాళ్లు రాలేదు. కారణం కృష్ణ. కృష్ణదీ అదే తండా, రెండేళ్ల కిందట ఇట్లాగే తిరిగొచ్చాడు. వారం తిరక్కముందే వాపస్ కృష్ణ అయిపోయాడు. పెళ్లి పత్రిక పంచడానికి వచ్చిన పొరుగూరివాళ్లు కూడా "వాపస్ ఇల్లు యాడ?" అని అడిగేవారు. పడలేక భూపాలపల్లి పోయి బొగ్గు లారీ తోలుకుంటున్నాడు. నెలకోసారి వస్తాడు, అదీ ముఖం దించుకుని.

అందుకని పూల్‌సింగ్ హైదరాబాద్‌లో రెండు రోజులు ఆగాడు. అప్పు చేసి చక్రాల సూట్‌కేసు, విదేశీ చాక్లెట్లు, తలనొప్పి నూనె సీసాలు కొన్నాడు. తండాలో దిగగానే తల్లి అడిగింది, "ఎన్ని దినాలు ఛుట్టీ బిడ్డా?" నోటికొచ్చింది చెప్పాడు, "నలభై అయిదు, యాడీ."

తల్లి లెక్క మరిచిపోయే మనిషి కాదు. ముప్పై తొమ్మిదో రోజే, కొడుకు పోతున్నాడని ఇళ్లకు కబురు పెట్టింది.

కురవి దగ్గరి ఆ తండాలో ఇంటికొకడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఛుట్టీ ముగించుకుని పోయేవాడు మిగతావాళ్ల మూటలు మోసుకుపోవాలి. అడగడమంటూ ఉండదు, తెచ్చి ముందర పెట్టి పోతారు. మామిడి తొక్కు, చింతకాయ తొక్కు, పల్లికారం, సకినాలు. డబ్బా డబ్బాకూ కొడుకు పేరు, ఉండే ఊరి పేరు. మొదటి డబ్బా వచ్చినప్పుడే పూల్‌సింగ్ వద్దనాల్సింది. తీసుకుని పక్కన పెట్టాడు. ఇక రెండోది ఎట్లా వద్దంటాడు? పదకొండు ఇళ్లవీ కలిపి ఒక పెద్ద అట్టపెట్టె అయింది. తల్లి దాన్ని నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించింది.

ఆఖరికి, నలభై నాలుగో రోజు రాత్రి, సోని వచ్చింది. వరసకు అన్న అయ్యే వాల్యా పెండ్లాం. తొక్కు తేలేదు, చిన్న పొట్లం తెచ్చింది.

"ఏంది వదినా?"

"ఫిట్స్ గోలీలు. డాక్టర్ చీటీ గూడ పెట్టిన. మీ అన్నకు ఇంక ఆరు దినాలకే ఉన్నయట. కాగితాల్లేనోడు ఆడ దవాఖానకు పోతే ఏమైతదో నీకు చెప్పాల్నా?"

చెప్పక్కర్లేదు. వాల్యా రియాద్‌లో పరంజా ఎక్కి పని చేస్తాడని కూడా పూల్‌సింగ్‌కు తెలుసు.

"వేరేవాళ్లెవరన్న పోతున్నరేమో చూడరాదు, వదినా."

"పెద్దవంగర విద్యాసాగర్ గూడ నువ్వు పోయే దినమే రియాద్ పోతుండు. ఆయనకిద్దామనే అనుకున్న. మనోడుండంగ బయటోళ్లెందుకని మళ్ల వద్దన్న." నవ్వింది. "ఏంది, గింత పొట్లం గూడ బరువైతదా నీకు?"

పూల్‌సింగ్ నోరు తెరిచాడు. లోపల్నుంచి తల్లి, "మావోడు కడుపుల పెట్టుకొని తీస్కపోతడు, నువ్వు పరేషాన్ గాకు" అంది. అతని చెయ్యి పొట్లం అందుకుంది.

నలభై అయిదో రోజు పొద్దున ట్రాక్టరులో మహబూబాబాద్ స్టేషన్‌కు తెచ్చి దించారు. మెడలో దండ వేశారు. ఆ నెల ఇంటికొచ్చిన కృష్ణ కూడా వచ్చాడు. పెట్టె బోగీలోకి ఎక్కిస్తూ మెల్లగా అన్నాడు:

"ఛుట్టీల వచ్చినోడు పాస్‌పోర్టు పదిమందికి సూపెడ్తడు. నీదేదిరా?"

"నోర్మూసుకో అన్నా."

"నేనెవ్వరికి చెప్ప. గని ఈ పెట్టె యాడ దించుతవ్?"

రైలు కదిలింది. కాజీపేట దాటేదాకా పూల్‌సింగ్ దండ తియ్యలేదు. హైదరాబాద్‌లో చూసుకుందాం అనుకున్నాడు. ఏం చూసుకుంటాడు? తొక్కు దాచొచ్చు, పారెయ్యొచ్చు. గోలీలు మాత్రం ఆరు రోజుల్లో అక్కడుండాలి. పెద్దవంగర నుంచి కారులో ఎయిర్‌పోర్టుకు పోయేవాడు జనగామ మీదుగానే పోవాలి. ఫోన్ తీసి విద్యాసాగర్‌కు చేశాడు. మొదటిసారి ఇద్దరూ ఒకే విమానంలో పోయినవాళ్లు. జనగామ రాగానే పెట్టెతో దిగిపోయాడు.

విద్యాసాగర్ రోడ్డు పక్కన కారు ఆపి, పెట్టెను చూడగానే చేతులు అడ్డం పెట్టాడు. "నా సామాన్ తూకమే ఎక్కువైంది. తొక్కు మొయ్య తమ్మీ."

"తొక్కొద్దన్నా. గోలీలే."

"మరి నువ్వు?"

పూల్‌సింగ్ ముద్రలు పడిన పది వేళ్లూ చూపించాడు. విద్యాసాగర్‌కు అర్థమైంది.

"వాల్యా అడుగుతడు, పూల్‌సింగ్ ఎందుకు రాలేదని. అబద్ధం నాతోటి కాదు. ముందే చెప్తున్న."

పొట్లం ఇంకా పూల్‌సింగ్ చేతిలోనే ఉంది. ఇస్తే రెండు రోజుల్లో తండాకంతా తెలుస్తుంది. ఇచ్చాడు. "పంపించిండ్రని చెప్పు."

కారు పోయాక తల్లి ఫోన్. "ఎక్కినవా?"

"ఎక్కలే. ఇగ ఎక్కనియ్యరు యాడీ. పంపించిండ్రు."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "ఇయ్యాల రాకు. దండేసి తోలిండ్రు. రెండొద్దులు యాడన్న ఉండు."

మూడు రోజులు జనగామ స్టేషనుకూ బస్టాండుకూ మధ్య తిరిగాడు. తాళ్లు కట్టిన పెట్టెను చూసి ఆటోవాళ్లు "ఎయిర్‌పోర్టుకా అన్నా?" అని వెంటపడ్డారు. మూడో రోజు సోని ఫోన్ చేసింది.

"గోలీలు అందినయట."

"వదినా..."

"ఏమనకు. నువ్వు అవి పట్టుకొని ఊకున్నవ్ సూడు, ఆ మనిషి పైకెల్లి పడితే నేనెవరినడగాలె? తొక్కు డబ్బాలు మాతోటి పంచిపియ్యకు. ఎవలది వాళ్లకు నువ్వే తిరిగియ్యాలె."

మర్నాడు మధ్యాహ్నం పూల్‌సింగ్ తండాలోకి నడిచాడు. మొదటి ఇల్లు ప్రేమ్‌చంద్ వాళ్లది. ప్రేమ్‌చంద్ తల్లి వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. ఆమెకింకా ఎవరూ చెప్పినట్టు లేదు. కొడుకు పేరు రాసిన డబ్బాను చూసి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మావోడు వద్దన్నడా?"

"లే పెద్దమ్మా."

"మరి?"

పూల్‌సింగ్ డబ్బా కింద పెట్టలేదు. సంగతి మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకా పది ఇళ్లున్నాయి.