అమ్మ సత్ప్రసాదం తీసుకున్న ఆదివారం

మా చిన్నప్పుడు... చర్చిలో ఆదివారం పూజలో అందరూ సత్ప్రసాదానికి లేచి వరుస కట్టేవాళ్లు. అమ్మ మాత్రం కొంగు తలమీదికి లాక్కుని చాప మీదే కూర్చునేది.

మాది నాగాయలంక దగ్గర పల్లె. అమ్మ లేవకపోవడానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. ఉప్పెన వచ్చిన రోజు ఆమె తమ్ముడు జోజి చెయ్యి పట్టుకుని ఉంది. నీళ్లలో ఆ చెయ్యి జారింది. పిల్లవాడు దొరకలేదు.

తానే వదిలేశానని, పాపం మోసేవాళ్లు సత్ప్రసాదం తీసుకోకూడదని అమ్మ నమ్మకం. ప్రతి నెలా ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో అదే చెప్పుకునేది. ఫాదర్లు మన్నించేవారు... ఆమె నమ్మేది కాదు. మళ్లీ నెల మళ్లీ అదే.

ఆ ఏడు కొత్త ఫాదర్ గారు వచ్చారు. ఒక సాయంత్రం అమ్మ గుడి నుంచి కోపంగా వచ్చి పొయ్యి ముందు కూర్చుంది.

"అది పాపం కాదమ్మా, దుఃఖం అంటారేంటయ్యా ఈయన! ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నా, ఏ ఫాదర్ గారూ కాదనలేదు."

"మంచిదేగా. ఒక పాపం తగ్గింది," అన్నాడు నాన్న.

"నవ్వకు. బందరు కాన్వెంటులో సిస్టర్ గారి దగ్గర కౌన్సెలింగుకి వెళ్లమన్నారు. నాకేమన్నా పిచ్చా?"

"ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగుకి వెళ్లేవాళ్లంతా పిచ్చోళ్లేనా ఏంటి? వెళ్లిరా."

నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది. మొదట్లో సిస్టర్ గారితో మా చదువులు, రొయ్యల చెరువులు... అన్నీ మాట్లాడింది, జోజి సంగతి తప్ప. ఆవిడ తొందరపెట్టలేదు. ఒకరోజు అమ్మే మొదలుపెట్టింది. అంతా విన్నాక, వరండాలో కూర్చున్న నన్ను సిస్టర్ గారు లోపలికి పిలిచారు.

"ఆ రోజు మీకెన్నేళ్లమ్మా?"

"తొమ్మిదండీ."

"ఈ పాపకి?"

అమ్మ నావైపు తిరిగింది. "...తొమ్మిదేనండీ."

"మరి ఆ నీళ్లలో ఈ పాప చేతిలోంచి ఎవరైనా జారిపోతే, తప్పు పాపదే అంటారా?"

అమ్మ నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతే ఉండేవాండీ నా చేతులు?" అంది. అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఒక్క రోజులో నయమైందని రాస్తే అబద్ధం. చాలాసార్లు బందరు తిరిగాం. ప్రతిసారీ చివర్లో ఇద్దరూ జోజి పేరున ప్రార్థించేవారు. తుఫాను కబురు వింటే అమ్మకు ఇప్పటికీ నిద్ర ఉండదు.

కానీ ఆ ఏడు, ఈస్టర్ వెళ్లిన మరుసటి ఆదివారం... సత్ప్రసాదం వేళ అమ్మ లేచింది.

"ఒసేయ్, అన్నమ్మ లేచిందే!" పక్కింటి అత్త మోచేత్తో పక్కావిడను పొడిచింది. వరుసలో ఉన్నవాళ్లు జరిగి దారిచ్చారు.

"క్రీస్తు శరీరం," అన్నారు ఫాదర్ గారు.

"ఆమెన్!" అంది అమ్మ.

ఆ మాట గుడి బయట మెట్ల మీద నిలబడ్డ నాన్నకూ వినపడింది. ఏ పండగా లేకుండానే ఆ రోజు మా ఇంట్లో కోడి కూర.

అప్పటిదాకా మా ఇంట్లో జోజి పేరు ఎవరూ ఎత్తేవాళ్లం కాదు. ఇప్పుడు అమ్మే మనవళ్లను కూర్చోబెట్టి, వాడు ఉడుకుతున్న తేగలు దొంగిలించి నాలుక కాల్చుకున్న కథ చెబుతుంది. వాళ్లు పడీపడీ నవ్వుతారు. అమ్మా నవ్వుతుంది.

ఈ రోజుల్లో కౌన్సెలర్లు ఫోన్లోనే దొరుకుతున్నారు. అంత ఓపిగ్గా వినే తీరికే ఇళ్లలో కరువైంది...

మీ ఇంట్లోనూ ఎన్నాళ్లుగానో ఎవరూ పలకని పేరు ఒకటి ఉందా? ఇక్కడ రాయండి. ప్రతి పేరూ చదువుతాను.